పేరులేని బీఎమ్‌ఎక్స్, ఇత్తడి కొక్కేలు

సైకిల్ మెకానిక్ అంటే పంచర్లు వేసేవాడని అనుకుని ఈ పనిలోకి దిగే కుర్రాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను. పంచరు వెయ్యడం ఒక పూటలో వస్తుంది. చక్రం బెండు తియ్యడం కొన్నాళ్ళకి వస్తుంది. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియడానికి మాత్రం తల నెరవాలి. నాది నెరిసింది కాబట్టి రాస్తున్నాను.

నా పేరు మస్తాన్. మాది నెల్లూరు పక్కన పల్లె. పని నేర్చుకుంది నెల్లూరులో, గంటకింతని సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్లో. తర్వాత అందరిలాగే దుబాయ్ విమానం ఎక్కాను. బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల వెనక సందులో కొన్నేళ్ళు, ఆ తర్వాత పని మానేసేదాకా ఖర్జూర తోటల ఊరు అల్ ఐన్‌లో. ఇప్పుడు అంతా ఖలాస్ చేసుకుని ఇంటికొచ్చి కూర్చున్నా, గల్ఫ్ పోబోయే కుర్రాళ్ళు వచ్చి, "మామా, ఆడ పని ఎట్టుంటాది?" అని అడుగుతూనే ఉన్నారు. జీతం సంగతీ వీసా సంగతీ ఏజెంటు చెప్తాడు. అతను చెప్పలేనివి నేను చెప్తాను.

అక్కడ సైకిలు ఎవరిది

అల్ ఐన్‌లో సైకిలంటే ముందు తోట పనివాళ్ళది. ఖర్జూర తోటల్లో పనిచేసే మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు సైకిలు పట్టుకొస్తే, "రేపు రా" అనకండి. ఆ సైకిలు లేకపోతే మనిషి ఆ ఎండలో నడవాలి. ఎంత పెద్ద కస్టమరు కుర్చీలో కూర్చుని ఉన్నా సరే, ముందు తోటవాడి చెయిన్ ఎక్కించి పంపాలి. ఈ విషయంలో నేను మా ముదీర్, అంటే షాపు మేనేజరు, మాట ఎప్పుడూ వినలేదు. ఆయనా అలిసిపోయి చెప్పడం మానేశాడు.

తర్వాత బకాలా వాళ్ళు. బకాలా అంటే వీధి చివరి కిరాణా కొట్టు. ఆ కుర్రాళ్ళు సైకిలు మీద వెయ్యని బరువుండదు. వాళ్ళ వెనక చక్రం ఊచలు తెగడం, మనం వెయ్యడం, మళ్ళీ తెగడం. అదొక సంసారం.

కరోనా తర్వాత ఇంకో రకం వచ్చారు. ఇళ్ళల్లో కూర్చుని కూర్చుని విసుగెత్తిన జనం ఒక్కసారిగా సైకిళ్ళ మీద పడ్డారు. వీళ్ళ సైకిలు చిటికెన వేలితో లేస్తుంది, మాటలే బరువు. అప్పుడే పాత సైకిళ్ళ జ్వరం కూడా పట్టుకుంది. యాభై దాటిన మగవాళ్ళు చిన్నప్పటి బీఎమ్‌ఎక్స్‌లు వెతుక్కోవడం మొదలెట్టారు. చిన్న చక్రాలు, వెడల్పు హ్యాండిలు, గతుకుల్లో ఎగిరించి తొక్కే పిల్లల సైకిలు అది. పెద్దాయన దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అయినా ఆ మొహంలో సంతోషం చూస్తే మనకీ నవ్వొస్తుంది.

మా ముదీర్, ఆయన జబ్బు

మా ముదీర్ జోసెఫ్ సారు కేరళ మనిషి. మంచివాడు. ఎవరి జీతం ఆపలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. గల్ఫ్‌లో బాస్ గురించి ఈ రెండు మాటలు అనగలిగితే మీ అదృష్టం బాగున్నట్టే. ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఒరిజినల్. పాత సైకిలు ఏదొచ్చినా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చెయ్యాలంటాడు. మధ్యలో దానికి జరిగిందంతా ఆయన దృష్టిలో మురికి.

ఒకసారి ఒక పాత ఫ్రేము వచ్చింది. చూడకుండా ఇసుక కొట్టించడానికి పంపేశాడు. ఇనుప గేట్లకి తుప్పు వదలగొట్టే చోటుకి. ఫ్రేము అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చింది. దాంతోపాటు పెడల్ ఇరుసు గొట్టం కింద కొట్టి ఉన్న నంబరు కూడా మెరుస్తూ ఎగిరిపోయింది. ఆ నంబరే దాని జాతకం. ఏ కంపెనీదో చెప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు. ఆ కస్టమరు అరిచిన అరుపులు పక్క టైర్ల షాపు దాకా వినిపించాయి. ముందు చదవాలి, తర్వాత తుడవాలి. ఆ రోజు నుంచీ ఇది మా షాపులో చట్టం.

ఇంకో మాట. గ్రైండరు కుర్రాళ్ళ చేతికి ఇస్తే పిచ్చోడి చేతికి రాయిచ్చినట్టే. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, గ్రైండరు దగ్గర ఆలస్యమే అమృతం.

అబూ హమద్ తెచ్చిన సైకిలు

అబూ హమద్ అల్ ఐన్ మనిషే. పెద్ద ఖర్జూర తోట, పెద్ద పికప్, అంతకన్నా పెద్ద గొంతు. నవ్వితే షాపులో పానాలు కదిలేవి. తోటలో పాత సామాన్ల కొట్టు ఖాళీ చేయిస్తుంటే, చెడిపోయిన నీళ్ళ మోటారు వెనక ఒక బీఎమ్‌ఎక్స్ దొరికిందట. పికప్‌లోంచి తనే దింపాడు. తుప్పు పట్టి, సీటు లేకుండా, రంగు మీద రంగు దట్టంగా పూసి ఉంది. పేరు స్టిక్కరు లేదు, గుర్తు లేదు.

హిందీ, అరబీ కలిపి మాట్లాడతాడాయన. అర్థం మాత్రం తేటగా ఉంటుంది. ఇది నా చిన్నప్పటి సైకిలు, అమెరికా నుంచి వచ్చింది, పెద్ద కంపెనీది, ఆ కంపెనీ పేరు కనిపెట్టు, కొత్తదానిలా చెయ్యి. చలికాలంలో దుబాయ్‌లో పాత బీఎమ్‌ఎక్స్‌ల వాళ్ళంతా కలుస్తారట. ఒక్కో సైకిలు ముందు ఒక అట్ట పెడతారట, ఏ కంపెనీ, చిన్నప్పుడు ఎవరు తొక్కారు అని. అక్కడ తన పేరుతో ఇది నిలబడాలి. మా ముదీర్ కళ్ళు వెలిగిపోయాయి. ఒరిజినల్ చేస్తాం అని నా తరఫున కూడా మాటిచ్చేశాడు.

ఊరూ పేరూ లేనిదాన్ని గుర్తుపట్టడం

ఇది కాస్త శ్రద్ధగా చదవండి, పనికొస్తుంది. స్టిక్కరును, రంగును, సీటును, చక్రాలను నమ్మకండి. ఇవన్నీ మారతాయి. మారనివి నాలుగైదే. పెడల్ ఇరుసు గొట్టం కింద నంబరు. వెనక ఇరుసు కూర్చునే రేకు ఏ ఆకారంలో కోశారు. హ్యాండిలు గొట్టం దగ్గర బలానికి అతికిన పట్టీ ఎలా ఉంది. సీటు కడ్డీ లావెంత. అతుకులు ఎలా పోశారు. మనిషికి వేలిముద్రలెలాగో సైకిలుకి అతుకులు అలాగ.

రంగు తీసే మందు కొంచెం కొంచెం రాసి, చిన్న రేకుతో గీకుతూ కూర్చున్నాను. పచ్చ, దాని కింద తెలుపు, దాని కింద ఎరుపు. నంబరు బయటపడింది. ముదీర్ ఫొటోలు తీసి ఫోన్లో తనకి తెలిసిన పాత సైకిళ్ళ పిచ్చోళ్ళకి దేశదేశాలకీ పంపాడు. ఒకడు అమెరికా అన్నాడు. ఒకడు జపాన్ అన్నాడు. ఇంకొకడు ఏకంగా నకిలీ అన్నాడు. చివరికి నంబరు ముందున్న అక్షరమూ వెనక రేకు కోతా కలిపి చూస్తే తేలింది. ఇది తైవాన్‌లో ఒక ఫ్యాక్టరీ సరుకు. ఎవరు అడిగితే వాళ్ళ పేరు స్టిక్కరు అంటించి అమ్మేవాళ్ళు. స్టిక్కరు పోయిందంటే పేరు పోయినట్టే. అబూ హమద్‌కి ఫోన్‌లో చెప్తే, సరే పని కానివ్వమన్నాడు. స్నేహితులకి అప్పటికే అమెరికా అని టాంటాం వేసుకున్నాడు పాపం.

అన్నీ కుదిరాయి గానీ, ఒకటి కుదరలేదు. సీటు కింద నుంచి వెనక ఇరుసు దాకా దిగే రెండు కడ్డీల మీద, రెండు వైపులా, చిన్న చిన్న కొక్కేలు వరసగా అతికి ఉన్నాయి. వేలి గోరంత ఉంటాయి. ఏ కంపెనీ బీఎమ్‌ఎక్స్‌కీ అలాంటివి లేవు. ముదీర్ మళ్ళీ ఫొటోలు పంపాడు. జెండా కట్టడానికన్నాడొకడు. పందెంలో నంబరు పలక తగిలించడానికన్నాడు ఇంకొకడు. నేను మాత్రం బకాలా వాళ్ళ చేతిలో పడి ఉంటుంది, డబ్బాలు కట్టడానికి పెట్టించి ఉంటారు అనుకున్నాను. ఒక కొక్కెంలో రంగు కింద నీలం నైలాను దారం ముక్క ఇరుక్కుని కనబడింది. గోనెసంచి తాడేమో అనుకుని దాన్ని డబ్బాలో పడేశాను.

మందు రాసి గీకేసరికి కొక్కేల మొదట్లో పసుపుపచ్చగా మెరిసింది. ఇత్తడి. ఫ్యాక్టరీ అతుకు ఇనుమే, కొక్కేల అతుకు ఇత్తడి. అంటే ఇది ఫ్యాక్టరీ పని కాదు, గ్యాసు మంటతో సైకిల్ కొట్లో కూర్చుని చేసిన పని. చేసినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడు. ఎక్కడా బొట్టు కారలేదు.

ముదీర్ వచ్చి చూసి, "ఒరిజినల్ కాదు కదా మస్తాన్ భాయ్, కోసేసి ఆకురాయి పట్టించు. యల్లా, తొందరగా," అన్నాడు. నేను గ్రైండరు తియ్యలేదు. ఎందుకు అతికారో తెలియనిదాన్ని తీస్తే మళ్ళీ పెట్టలేం. రేపు చేస్తా సార్ అన్నాను. మర్నాడు కూడా అదే అన్నాను.

చెల్లెలు

ఆ వారంలోనే ఒక పొద్దున ఒకామె తనే కారు నడుపుకుంటూ వచ్చింది. నల్ల అబాయా, చేతిలో కారు తాళాలు, మొహంలో ఏదో గట్టిగా అనుకుని వచ్చిన బింకం. అబూ హమద్ చెల్లెల్ని, నన్ను ఉమ్ సయీద్ అంటారు అంది. ఉమ్ సయీద్ అంటే సయీద్ వాళ్ళమ్మ, సయీద్ ఆమె పెద్దకొడుకు. సైకిలు చూపించమంది. స్టాండు మీద బిగించి ఉన్న ఉత్త ఫ్రేము చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత అంది, "ఇది నేను తొక్కాను."

కస్టమర్ల ఇంటి గొడవల్లో తల దూర్చకూడదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. టీ తెప్పించాను. ఆమె కూడా అన్నలాగే హిందీ, అరబీ కలిపి, తనంతట తనే చెప్పుకొచ్చింది. అన్నని చదువుకి వేరే ఊరు పంపారు. సైకిలు ఇంట్లో మిగిలింది. పెద్ద గోడల ఇల్లు, మధ్యలో ఇసుక వాకిలి. ఆ వాకిట్లో రోజూ తొక్కేదాన్ని, మా ఉమ్మీ, అంటే అమ్మ, గుమ్మంలో కూర్చుని చూసేది. పెద్దయ్యాక ఈ మాట ఎప్పుడు చెప్పినా అన్న పగలబడి నవ్వుతాడు. నువ్వా, పిల్లిని చూస్తే మంచం ఎక్కేదానివి, నువ్వు సైకిలు తొక్కావా అంటాడు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ నవ్వుతారు. ఇప్పుడు నా పిల్లలు కూడా నవ్వుతున్నారు, అమ్మకి వయసొచ్చి కథలు అల్లుతోంది అని. చూసినది ఉమ్మీ ఒక్కతే. ఆమె కరోనా కాలంలో పోయింది.

"నేను అబద్ధం చెప్తున్నానని నాకే అనిపిస్తోంది మస్తాన్ భాయ్. ఒక్కోసారి, నిజంగా తొక్కానా అని అనుమానం వస్తోంది," అంది.

ఎదుటివాళ్ళు నమ్మకపోవడం సరే, తన చిన్నతనం తనకే అనుమానమైతే మనిషికి ఇంకేం మిగుల్తుంది?

ఏమైనా గుర్తుందా అని అడిగాను. బట్ట గుర్తుంది అంది. పాదాల దాకా ఉండే గౌను వేసుకుని తొక్కుతుంటే వెనక చక్రంలో పడి చుట్టుకుంది. కింద పడ్డాను. ఉమ్మీ హడలిపోయి సైకిలు తీసుకెళ్ళిపోయింది. ఇంక ఇవ్వదనుకుని ఏడిచాను. కొన్నాళ్ళకి ఇంటి డ్రైవరు మళ్ళీ తెచ్చాడు. తొక్కు, ఇంక బట్ట పడదు అంది ఉమ్మీ. ఏం చేయించిందో అంత చిన్నదాన్ని నాకేం తెలుసు అంది.

నేను కొక్కేల వంక చూశాను. చూసి నా నెత్తిన నేనే మొట్టుకున్నాను. నెల్లూరు కొట్లో ఆడవాళ్ళ సైకిళ్ళకి వెనక చక్రం మీద వల కట్టడమే నా మొదటి పని! చీర కొంగు, పరికిణీ, ఓణీ చక్రంలో పడకుండా ఇరుసు దగ్గర నుంచి మడ్‌గార్డు దాకా విసనకర్రలా దారాలు లాగి కట్టేవాళ్ళం. మన దేశంలో ఆడవాళ్ళు ఎక్కే ప్రతి సైకిలుకీ అది ఉండేది. ఇక్కడ బీఎమ్‌ఎక్స్‌కి మడ్‌గార్డు లేదు, దారం తగిలించడానికి చోటు లేదు. అందుకని మనవాడెవడో కడ్డీలకే కొక్కేలు అతికాడు. దేశదేశాల పండితులకీ ఫొటోలు పంపాం గానీ, మా ఊరి లేడీస్ సైకిలు మాకే గుర్తు రాలేదు. బీఎమ్‌ఎక్స్ మీద దాని కోసం ఎవరు వెతుకుతారు?

దారాలు ఉండేవా అన్నాను. ఆమె కళ్ళు మూసుకుంది. తర్వాత మెల్లగా, "నీలం," అంది. అన్న సెలవులకి వస్తున్నాడంటే ఉమ్మీ కూర్చుని వాటిని విప్పేసేది, వెళ్ళాక మళ్ళీ కట్టేది అని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

నేను డబ్బా తెచ్చి, అందులోని దారం ముక్క ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె ఏడ్చింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను. టీ తెచ్చిన మనిషి మమ్మల్ని చూసి, గ్లాసులు పెట్టేసి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

అప్పగింత

మిగిలిన ఓవరాయిలింగ్ మామూలే. బేరింగ్ గుళ్ళు కొత్తవి, చెయిన్ కొత్తది, ఎరుపు రంగు, దొరికినంతలో ఆ కాలం హ్యాండిలు, సీటు. కొక్కేలు కొయ్యలేదు. మా ముదీర్‌కి విషయం చెప్పాను. ఆయన తల పట్టుకుని, ఆర్డరు ఇచ్చింది అబూ హమద్ కదా అన్నాడు. నిజమే. అందుకే ఆయన వచ్చినప్పుడు ఆయన్నే అడుగుదాం, కొయ్యమంటే ఆయన కళ్ళ ముందే కోస్తాను అన్నాను. ఒక వైపు మాత్రం నీలం దారంతో వల కట్టి ఉంచాను. ఏళ్ళయినా వేళ్ళు మరిచిపోలేదు.

అప్పగింత రోజు ఉమ్ సయీద్ ముందే వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చుంది. అబూ హమద్ పికప్ వెనక తలుపు తెరిచి పెట్టి, నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. చెల్లెల్ని చూసి, ఓహో, పందెం రాణి కూడా వచ్చిందే అన్నాడు. సైకిలు చుట్టూ తిరిగి మురిసిపోయాడు. వల దగ్గర ఆగాడు.

"ఇదేంటి సదీక్, చేపలు పడతావా?" సదీక్ అంటే దోస్తు.

అడుసు తొక్కనేల అని నేనే అన్నాను. తొక్కాను. మీరు చిన్నప్పుడు కందూరా వేసుకునే దీన్ని తొక్కేవాళ్ళా అని అడిగాను. కందూరా అంటే అక్కడి మగవాళ్ళు వేసుకునే పాదాల దాకా ఉండే తెల్ల చొక్కా. మరింకేం వేసుకుంటాం అన్నాడాయన. చక్రంలో పడేది కాదా అన్నాను. ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసి, వంగి కందూరా అంచు పైకెత్తి పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులూ హ్యాండిలు పట్టుకున్నట్టు చాచాడు. అంత పెద్దమనిషి షాపు మధ్యలో అలా నిలబడితే మా ముదీర్ గోడ వైపు తిరిగిపోయాడు.

"మగపిల్లలకి అది చాలు," అన్నాను. "మరి ఈ కొక్కేలు ఎవరి బట్ట కోసం అబూ హమద్?"

ఆయన అంచు వదిలేశాడు. నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇది ఫ్యాక్టరీది కాదు, మా దేశంలో ఆడపిల్లల సైకిలుకి కట్టేది, ఇక్కడ మావాడెవడో ఇత్తడితో అతికాడు, ఎవరో అడిగి చేయించుకుంటే తప్ప ఇలాంటి పని ఎవరూ చెయ్యరు. కోసెయ్యమంటే ఇప్పుడే కోస్తాను అని గ్రైండరు బల్ల మీద పెట్టాను.

ఆయన గ్రైండరు వైపు చూడలేదు. కిందికి వంగి ఒక్కో కొక్కేన్నీ వేలితో ముట్టుకున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు ఇవి చూశాను, గడ్డిమోపు కట్టడానికి డ్రైవరు పెట్టించాడేమో అనుకున్నాను అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియనట్టు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి అరబీలో అడిగాడు. అన్నేళ్ళున్నాక ఆ మాత్రం అరబీ నాకూ అర్థమవుతుంది.

"ఉమ్మీ చేయించిందా?"

"నువ్వు చదువుకి వెళ్ళాక."

"నాకెందుకు చెప్పలేదు?" ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో. అమ్మ తన దగ్గర ఒక విషయం దాచిందన్నది ఆయనకి తగిలినట్టుంది.

"చెప్తే తాళం వేసి, తాళంచెవి నీతో పట్టుకుపోయేవాడివి."

కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆయన చెల్లెలి మొహంలోకి చూశాడు.

"పట్టుకుపోయేవాణ్ణే," అన్నాడు.

తర్వాత నన్ను చెయ్యి వెయ్యనివ్వకుండా సైకిలు తనే బయటికి నడిపించాడు. తెరిచి ఉన్న పికప్ దాటి వెళ్ళి, ఆమె కారు వెనక తలుపు తీసి, సీట్లు మడిచి, రంగు గీసుకోకుండా దాన్ని లోపల పడుకోబెట్టాడు. ముందు సీట్లో తను కూర్చుని, "పద. పిల్లలకి నేనే చెప్తాను," అన్నాడు.

ఆయన పికప్ సాయంత్రం దాకా మా షాపు ముందే ఉండిపోయింది. కస్టమర్లకి దారి లేదని ముదీర్ గొణుగుతూనే ఉన్నాడు గానీ, వచ్చి తియ్యమని ఫోన్ మాత్రం చెయ్యలేదు.